నిగ్గు తేలిన పర్సు

రెండుగా మడిచే తోలు పర్సు అందం కొత్తదాంట్లో కనబడదు. దుకాణంలో అద్దం వెనక అది బిర్రబిగుసుకుని, ఎవరికీ చెందనట్టు ఉంటుంది. నాలుగైదేళ్లు ఒకే జేబులో తిరిగాక చూడాలి దాన్ని. మడత దగ్గర వెన్ను గుండ్రబడుతుంది. బొటనవేలు రోజూ ఆనే చోట రంగు ముదిరి, తరాల చేతులు తగిలిన టేకు తలుపులా నిగనిగలాడుతుంది. వెలుతురు సోకని లోపలి మూలల్లో మాత్రం మొదటినాటి లేత తేనెరంగు అలాగే దాక్కుని ఉంటుంది. ఆ లేత ఈ ముదురులోకి ఎక్కడ తిరిగిందో ఎంత చూసినా దొరకదు. అద్దకంతో వచ్చే ఛాయ కాదది.

అన్ని తోళ్లకూ ఈ భాగ్యం లేదు. క్రోమియం ఉప్పులతో పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది, నీటికి ఓర్చుకుంటుంది, కానీ వయసు మీద పడ్డట్టు పెద్దగా కనిపించదు. చెట్ల బెరడుతో పదునైనదే ఇలా ముదురుతుంది. మన దక్షిణాదిన ఆ పనికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. బతుకమ్మలో పేర్చే పచ్చటి పూల తంగేడే! నాలుకను పట్టేసే వగరు ఏదుందో, అదే తోలు పీచునూ పట్టుకుని కుళ్లకుండా నిలుపుతుంది. వారాల తరబడి నానితే గాని లోపలిదాకా ఎక్కదు. ఆ తర్వాత ఎండా, చేతి జిడ్డూ తమ పని మొదలుపెడతాయి. రెగ్జిన్ ఊసు ఇక్కడ వద్దు. అది ముదరదు, పొలుసులు రాలుస్తుంది.

ఇక కుట్టు. చేతికుట్టుకు మైనం పూసిన దారం ఒకటే, సూదులు రెండు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ ఆ రెండు సూదులు ఎదురెదురుగా దూరి వెళతాయి. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి కాబట్టి ఒకచోట తెగితే పక్క కుట్లూ వదులైపోతాయి. చేతికుట్టులో ఒక వైపు అరిగి తెగినా రెండో వైపు చోటు వదలదు. వరసను వెలుతురుకు పట్టి చూడండి, ప్రతి కుట్టూ కాస్త ఏటవాలుగా ఒరిగి ఉంటుంది. అంచులో నాలుగైదు పొరలుంటాయి. వాటిని పలచగా చెక్కి, అతికించి, మైనంతో రుద్ది రుద్ది ఒకే పలకలా చేస్తారు. నేనైతే పర్సు కొనేముందు చూసేది ఆ అంచునే.

పాత పర్సులో ఇప్పటి అయిదువందల నోటు పెడితే లోపలికి మునిగిపోతుంది. ఆ అర కోసినప్పుడు నోటు ఎత్తు 73 మిల్లీమీటర్లు. 2016లో వచ్చిన కొత్త నోటుది 66. టీ డబ్బులు కూడా ఫోన్లోనే కడుతున్నాం, పర్సు పని అయిపోయిందంటున్నారు. నాకలా అనిపించదు. రసీదులు, చిల్లర, విజిటింగు కార్డులు కుక్కి దాని పొట్ట పగలగొట్టినన్నాళ్లూ కుట్టు సాగింది, అరలు వదులయ్యాయి. ఇప్పుడందులో రెండు కార్డులు, నాలుగు నోట్లు, వెంకన్న ఫొటో. కుట్టినవాడు అనుకున్నట్టుగా మడత ఇప్పుడే సరిగ్గా మూసుకుంటోంది.