సంకర యాంటీబయాటిక్కులు

1985లో డేవిడ్ హాప్‌వుడ్, సతోషి ఒమురా మొదలగువారు 'నేచర్' పత్రికలో ప్రకటించిన వ్యాసము చిన్నదే గాని చదువదగినది. మట్టిలో నుండు స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి యొకటి ఆక్టినోరోడిన్ అను నీలి యాంటీబయాటిక్కును తయారుచేయును. అందుకు తోడ్పడు జన్యువులను, మెడర్మైసిన్ చేయు వేరొక సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టగా, అంతవరకెవరును ఎరుగని మెడర్రోడిన్ పుట్టినది.

దీనిని "సంకర" యాంటీబయాటిక్కు అనిరి. పేరు విన్న విద్యార్థి, రెండు అణువులు చెరిసగముగా కలిసినవనుకొనును. ఉపాధ్యాయులు మెడర్మైసిన్, మెడర్రోడిన్ నిర్మాణములను నల్లబల్లపై పక్కపక్కన వేసి చూపవలెను. ఒక హైడ్రోజన్ ఉన్నచోట హైడ్రాక్సిల్ చేరినది. అనగా భేదము ఒక్క ఆక్సిజన్ పరమాణువు! రచయితలే ఆ మాటను ఉల్లేఖన చిహ్నముల నడుమ నుంచిరి.

అయినను, రసాయనికుడు చేయు మార్పును జన్యువులచేత చేయించుట సామాన్యమైన పనికాదు. మెడర్రోడిన్ మాత్రము మందుగా అంగడికి రాలేదు.