కల్పితభాషలకు స్వరవ్యవస్థ

శబ్దశాస్త్రమునకును సంగీతశాస్త్రమునకును నాదమే యాధారము. అయినను కావ్యమునందు నూతనజాతిని సృజించి దానికి భాషను గూడఁ గల్పించు రచయితలు వ్యాకరణమునెడఁ జూపు శ్రద్ధను స్వరమునెడఁ జూపుట యరుదు. ఆంగ్లేయభాషాపండితుఁడగు టోల్కీన్ కృతు లిందుకు ముఖ్యోదాహరణములు.

1954, 1955 సంవత్సరములలో వెలువడిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను కథకు అనుబంధములు గలవు. వానిలో లిపులు, ఉచ్చారణము, పంచాంగములు, వంశవృక్షములు వివరింపఁబడినవి. క్వెన్యా మొదలగు భాషలలోఁ బదమునందలి యూనికకు నియమ మిట్లున్నది: రెండక్షరముల పదమున నూనిక సాధారణముగా మొదటిదానిపై నుండును, అంతకు మించిన పదమున ఉపాంత్యాక్షరము గురువైనచో దానిపైనను, లఘువైనచో దానికి ముందటి యక్షరముపైనను బడును. దీర్ఘము, సంధ్యక్షరము, రెండు హల్లులకు ముందున్న హ్రస్వము గురువులు. ఛందస్సు నెఱిఁగినవారి కిది యపరిచితము గాదు. కాని యా జనుల పాటలకు స్వరము లెన్ని, వాని యంతరము లెంత యను ప్రశ్నకు ఆ యనుబంధములలో సమాధానము లేదు. 1977లో, రచయిత మరణానంతరము, ప్రకటితమైన ‘ది సిల్మరిలియన్’ మొదట జగత్తు గానమునుండియే పుట్టినట్లు చెప్పఁబడుటచే నీ లోపము మఱింత స్ఫుటమగుచున్నది.

1967లో డొనాల్డ్ స్వాన్ ఈ గేయములలోఁ గొన్నింటిని గాత్రమునకును పియానోకును స్వరపఱచి ప్రకటించెను. వానిలో ‘నమారియె’ యను క్వెన్యాగీతమునకు టోల్కీన్ స్వయముగా గ్రెగోరియన్ స్తోత్రగాన రీతిని వినిపింపఁగా స్వాన్ దానినే గ్రహించెను. ఈ యెన్నిక యుచితము. ఆ గానము తాళబద్ధము గాక పదముల నడక ననుసరించును గనుక గురులఘువుల కందు భంగము లేదు. పియానో మాత్ర మట్టిది గాదు. అది స్థాయిని 1200 సెంట్లుగా గణించి, 12 సమభాగములు చేయును. 3:2 నిష్పత్తి గల పంచమము 702 సెంట్లు కాఁగా పియానోలో 700, భేదము స్వల్పము. 5:4 నిష్పత్తి గల గాంధారము 386 కాఁగా పియానోలో 400. ఈ 14 సెంట్లు శిక్షితశ్రోతకుఁ దెలియును. ఐరోపీయుల మెట్లవాద్యముల యవసరముచే నేర్పడిన యీ సమవిభాగమును కల్పితజాతి గీతమున కంటించుట, పరభాషాధాతువునకు స్వభాషాప్రత్యయమును జేర్చుట వంటిది.

మౌనముగాఁ జదువుకొను గ్రంథమునకు శ్రుతినిర్ణయ మెందుల కని యాక్షేపింపవచ్చును. ఊనికనియమమునకును ఆ యాక్షేపమే వర్తించును గదా. అదియుఁ గాక, పాట పాడఁబడిన నాఁడు స్వరవ్యవస్థ చెప్పనిచోట శూన్యము మిగులదు. గాయకుని దేశపు వ్యవస్థయే యందుఁ బ్రవేశించును.

ఉర్సులా లెగ్విన్ 1985లోఁ బ్రకటించిన ‘ఆల్వేస్ కమింగ్ హోమ్’ ఈ విషయమున మెఱుఁగు. అందు కెష్ జనుల వాద్యములు వర్ణింపఁబడినవి. టాడ్ బార్టన్ కూర్చిన సంగీతము క్యాసెట్టుగా గ్రంథముతోఁ జేరినది. వాద్యమునుండి స్వరమునకుఁ బోవు మార్గ మిదియే.

తెలుఁగువారికి నిది దూరవిషయము గాదు. 2015 నాఁటి ‘బాహుబలి’ చలనచిత్రమునఁ గాలకేయులకు మదన్ కార్కి ‘కిలికి’ యను భాషను గల్పించెను. ఇట్టి భాషాకర్తలకు నాట్యశాస్త్రమున దారి యున్నది. భరతముని యొక వీణను స్థిరముగా నుంచి, రెండవదానిని గ్రమముగా సడలించి 22 శ్రుతులను నిరూపించెను. వాద్య మేది, మొదటి యంతర మెంత, తక్కిన వెట్లు పుట్టు నను మూఁడు మాటలు వ్యాకరణముతోఁ జేర్చినచో, కల్పితజాతి పలుకుటయే గాక పాడఁగలదు.