ముప్పది రాత్రుల భయము : భయానక చలనచిత్రముల విలువకట్టుటను గూర్చి

రసచర్చ మన విశ్వవిద్యాలయములలో విరివిగా జరిగినను, భయానకరసమునకు అందు దక్కిన తావు మిక్కిలి స్వల్పము. కావ్యములలో భయానకము సాధారణముగా అంగరసముగనే, వేటపట్టుననో రణభూమి వర్ణనముననో శ్మశానఘట్టముననో, కనబడుట ఇందుకు ఒక కారణము కావచ్చును. భయానకమే అంగియై రెండు గంటలకు పైబడి సాగు రచన మనకు చలనచిత్రమునందే విరివిగా రూపొందినది. 1992లో వెలువడిన రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ మొదలు 2023లో వచ్చిన కార్తీక్ వర్మ దండు ‘విరూపాక్ష’ వఱకు ఈ జాతి చిత్రములు తెలుగున ఒకదానివెంట నొకటి వచ్చుచునే యున్నవి. వానిని చూచువారు అసంఖ్యాకులు. వానికి విలువకట్టు పద్ధతి మాత్రము నక్షత్రములకును అంకెలకును పరిమితమైనది. ఆ అంకె నిజముగా దేనిని కొలుచుచున్నది? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

పాశ్చాత్యదేశములలో, ముఖ్యముగ అమెరికాలో, అక్టోబరు 31వ తేదీన వచ్చు హాలోవీన్ పండుగను పురస్కరించుకొని, ఆ నెలయంతయు దినమున కొక్కటి చొప్పున భయానకచిత్రమును చూచి, చూచినవెంటనే దానికి మార్కులు వేయు వాడుక చిత్రప్రియులలో కలదు. మే మెఱిగిన విద్యార్థులు కొందఱు దాని ననుసరించుట చూచి మేమును ఆ వ్రతమును పట్టితిమి. అయితే మా నెలను మన పంచాంగమును బట్టి ఏర్పఱచుకొంటిమి. 2024 అక్టోబరు 2వ తేదీ పెత్రమాస. ఆ నెల 31వ తేదీ దీపావళి. ఒక అమావాస్యనుండి మఱియొక అమావాస్యకు సరిగా ముప్పది రాత్రులు.

స్థలము ధర్మసాగరము. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై నేడు హనుమకొండ జిల్లాలో మండలకేంద్రముగ నున్న ఊరిది. దేవాదుల ఎత్తిపోతల పథకమువలన గోదావరిజలము వచ్చి చేరు పెద్దచెరువు దీనికి ప్రాణము. ఆ చెరువుకట్టకు కొంత దూరమున ఒక పెంకుటింట దిగి, రాత్రి తొమ్మిది గంటలకు దీపము లార్పి ఒక చిత్రమును చూచుట, ముగియగనే పదింటికి ఇన్ని మార్కులని పుస్తకమున వ్రాసికొనుట మా నియమము. దీనికి రెండు నిబంధనలు చేర్చుకొంటిమి. మొదటి రాత్రి చూచిన చిత్రమునే చివరి రాత్రి మరల చూడవలెను. నెల ముగిసిన పిదప అన్ని చిత్రములకును జ్ఞాపకమును బట్టి రెండవసారి మార్కులు వేయవలెను.

మొదటి రాత్రి చూచినది ‘రాత్రి’. ఒక కుటుంబము కొత్త ఇంటికి వచ్చును. ఆ ఇంటి పిల్లను, అనగా రేవతి ధరించిన పాత్రను, ఒక ప్రేతము ఆవహించును. కథ ఇంతియే. దర్శకుని బలము కథలో లేదు. ఖాళీ గదులలో నెమ్మదిగా కదలు కెమెరాలోను, మణిశర్మ కూర్చిన నేపథ్యధ్వనిలోను ఉన్నది. శూన్యగృహమును, వికృతధ్వనిని భరతముని భయానకమునకు విభావములుగ చెప్పియే యున్నాడు. ఆ రెండింటిని ఇంత పొదుపుగ వాడిన తెలుగుచిత్రము మఱియొకటి మాకు కనబడలేదు. ఆ రాత్రి 9 మార్కులు వేసితిమి. ముప్పదవ రాత్రి అదే చిత్రమునకు 5 మార్కులు పడినవి. చిత్రము మాఱలేదు. మేమే మాఱితిమి. తలుపు ఎప్పుడు కొట్టుకొనునో, పిల్లి ఎప్పుడు కనబడునో ముందుగనే తెలిసియుండుటచే ఉలికిపాటు అడుగంటినది.

దీనివలన తేలిన మొదటి విషయమిది. మన ఆలంకారికులు త్రాసమును భయమును వేఱుచేసిరి. త్రాసము ముప్పదిమూడు వ్యభిచారిభావములలో ఒకటి. పిడుగు పడినట్లు హఠాత్తుగ కలిగి, క్షణములో పోవునది. భయము స్థాయిభావము. చూచినవెంటనే వేసిన మార్కు మిక్కిలిగ త్రాసమునే కొలుచును. త్రాసము అలవాటుచే అరుగును. మా పుస్తకములో మొదటి వారపు అంకెలు పెద్దవిగను, చివరి వారపు అంకెలు చిన్నవిగను ఉండుటకు కారణమిదియే గాని, మంచి చిత్రములన్నియు మొదటి వారముననే పడుట కాదు. కనుక దినమున కొక్క చిత్రమునకు వేసిన మార్కులలో కొంత భాగము ప్రేక్షకుని వ్రతదినమునకే చెందును.

మఱి త్రాసము పోయిన పిదప నిలుచున దేమి? భరతుడు భయానకమును మూడు విధములుగ విభజించెను: వ్యాజము, అపరాధము, విత్రాసితకము. వ్యాజము నటించిన భయము. అపరాధజము తప్పు చేసినవాని భయము. విత్రాసితకము బెదరింపబడుటచే కలుగు భయము. వేల సంవత్సరములకు పూర్వము నాటకమును దృష్టిలో నుంచుకొని చేసిన ఈ విభాగము నేటి తెలుగుచిత్రములకు చక్కగ సరిపోవుట మమ్ము ఆశ్చర్యపఱచినది.

వ్యాజభయమునకు హాస్యమిశ్రితములైన దెయ్యపుచిత్రములు ఉదాహరణములు. 2013లో వచ్చిన ‘ప్రేమకథా చిత్రమ్’ నాటినుండి ఈ మార్గము బలపడినది. ఇందు పాత్రలు భయపడుట చూచి మనము నవ్వుదుము. మహి వి. రాఘవ్ దర్శకత్వమున 2017లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ ఒక అడుగు ముందుకు వేసి, దెయ్యములే మనుష్యులకు జడియు స్థితిని కల్పించినది. ఈ చిత్రములను భయపెట్టలేదని నిందించుట అన్యాయము. అవి భయమును పరిహసించుటకే పుట్టినవి.

విత్రాసితకమునకు 2009లో వచ్చిన కోడి రామకృష్ణ ‘అరుంధతి’ని మించిన ఉదాహరణము లేదు. గద్వాల సంస్థానపు కోట, సజీవముగ సమాధి చేయబడిన పశుపతి, అతని నెదిరించు జేజమ్మ, అన్నియు పెద్ద పరిమాణముననే యుండును. అనుష్క నటన భయానకమును వీరమువైపు నడిపించును. చిత్రము ముగిసినప్పుడు మనస్సున మిగులునది భయము కాదు, ఉత్సాహము. ఆ రాత్రి 8 వేసితిమి. నెల తరువాతను 8 వేసితిమి. అంకె మాఱకుండుటకు కారణము దాని వీరమే యని మా అభిప్రాయము.

ఇంతవఱకు మా విచారణ గ్రంథానుసారముగనే నడచినది. పదునేడవ రాత్రి అనిల్ విశ్వనాథ్ దర్శకత్వమున 2021లో వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ను చూచితిమి. చేతబడి దీని వస్తువు. పల్లెటూరి మాటతీరును ఇండ్లను ఉన్నవి ఉన్నట్లు చూపుటచే దీని భయము మన ఇంటి గడపదాక వచ్చును. 8 మార్కులు వేసి పడుకొంటిమి.

మే ముండిన ఇంటికి రెండిండ్ల అవతల ఒక ముసలి అవ్వ ఒంటరిగ కాపురముండెడిది. మేము దిగిననాటినుండి ప్రతి ఉదయము ఒక చెంబెడు చల్ల తెచ్చి యిచ్చెడిది. ఆ తెల్లవాఱి మూడుదారులు కలియుచోట కోసిన నిమ్మకాయను, కుంకుమను చూచితిమి. ఎవరో దిష్టి తీసి వేసినది. అట్టివి పూర్వ మెన్నిసారులు చూచియుందుమో లెక్కలేదు. ఆ ఉదయము మాత్రము ప్రక్కకు తొలగి నడచితిమి. ఇంటికి వచ్చునప్పటికి అవ్వ చెంబుతో నిలిచియున్నది. “ఈ పూటకు వద్దవ్వా” అంటిమి. “పానం మంచిగ లేదా బిడ్డా?” అని ఆమె కాసేపు నిలుచుండి, చెంబు తీసికొని వెళ్ళిపోయినది.

ఆ మాట అన్న క్షణముననే మా తప్పు మాకు తెలిసినది. దీనిని స్వల్పమైన విషయముగ త్రోసివేయుటకు వీలులేదు. బాణామతి, చేతబడి అను నెపముతో మనుష్యులను కట్టివేసి కొట్టిన, పళ్ళూడబెఱికిన, చంపిన ఉదంతములు తెలంగాణమున జరిగినవి. అనుమానమునకు గుఱియైనవారిలో ఒంటరివారు, ముసలివారు, దిక్కులేనివారు ఉండిరి. చదువుకొన్నవారమని చెప్పుకొను మేము, మార్కుల పుస్తకము చేతబట్టి కూర్చున్న మేము, ఒక చెంబు చల్లను కాదన్నప్పుడు ఆ దారిలో మొదటి అడుగు వేసితిమి. చిత్రము మమ్ము అట్లు చేయుమని చెప్పలేదు. దోషము మాదే. కాని మేము వేసిన 8 మార్కులలో ఈ ఫలితమునకు తావెక్కడ?

అభినవగుప్తుడు భయానకమును వివరించుచు శాకుంతలమున దుష్యంతుని రథమునకు ముందు పరుగెత్తు లేడిని ఉదాహరించెను. ఆ లేడి భయము దేశకాలములను విడిచి, ‘ఇది నాది, ఇది శత్రువుది’ అను తలంపు లేకుండ సహృదయుని హృదయమున నిలుచునని అతని ఆశయము. ఇదియే సాధారణీకరణము. భయము ఒక వ్యక్తిని పట్టుకొని వ్రేలాడెనా, అది లౌకికమై, రసము భగ్నమగును. ఈ సిద్ధాంతమును మేము చాలకాలముగ పాఠము చెప్పుచుంటిమి. దాని అర్థము మాకు ధర్మసాగరములో తెలిసినది.

ఈ దృష్టితో చూచిన అపరాధజభయమే మూడింటిలో ఉత్తమమని తోచును. విత్రాసితకము ‘ఎవరివలన నాకు కీడు?’ అని బయట వెదకును. అపరాధజము ‘మావలన ఎవరికి కీడు జరిగినది?’ అని లోపలికి తిరుగును. ‘విరూపాక్ష’ ఆరంభమును గమనింపుడు. 1979లో ఒక ఊరివారు పిల్లల చావులకు కారకులని ఒక దంపతులను తగులబెట్టుదురు. మా ముప్పది రాత్రులలో ఇంతకంటె భీకరమైన ఘట్టము లేదు. నిప్పు పెట్టిన చేతులు దెయ్యముల చేతులు కావు. అయితే కథ పిదప క్షుద్రవిద్యారహస్యముల వెంట పరుగెత్తి, కాల్చినవారి నేరమును తగినంత విచారింపక విడిచినది. అపరాధజముగ మొదలై విత్రాసితకముగ ముగిసినది. ఆ రాత్రి 8 వేసిన మేము రెండవసారి ఆరంభమునకు 9, మొత్తమునకు 6 వేసితిమి.

దీనికి విరుద్ధముగ 2022లో వచ్చిన సాయికిరణ్ ‘మసూద’ రెండవసారి పైకెక్కినది. ఒంటరి తల్లి, దెయ్యము పట్టిన కూతురు, ధైర్యము చాలని పొరుగు యువకుడు. సంగీత నటించిన తల్లి పాత్రలో ప్రతి క్షణము బిడ్డకేమగునో యన్న భయమున్నది. బంధువులకు కలుగు ఆపదయు విభావమే యని శాస్త్రము చెప్పినది. కాని మాకు జ్ఞాపకమున నిలిచినది ఆ యువకుడు. తాను వణకుచునే పొరుగింటి తలుపు తట్టి సాయమునకు వచ్చును. భయము ఇందు మనుష్యులను విడదీయక కలిపినది. చూచిన రాత్రి 7, నెల తరువాత 9.

ఒక్కొక్క కథ ముగియగనే తీర్పు చెప్పవలసిన నిర్బంధము మన సాహిత్యమునకు కొత్త కాదు. శవమును భుజమున వేసికొని శ్మశానమున నడచు రాజునకు బేతాళుడు చెప్పిన కథలు ఇరువదియైదు. చందమామ పత్రిక కొత్తకథలు చేర్చి ఆ చట్రమును దశాబ్దులపాటు మన పిల్లలకు అందించినది. ఇంతకంటె భయానకమైన రంగము లేదు. అయినను బేతాళుడు ఏ కథచివరను ‘నీవెంత జడిసితివి?’ అని అడుగలేదు. తప్పెవరిది, త్యాగమెవరిది అని అడిగెను. తెలిసియు చెప్పకున్న తల పగులునన్నాడు. మార్కుల పుస్తకమునకు లేని నిర్బంధమిదియే.

మా నెల పెత్రమాసతో మొదలైనదని చెప్పితిమి. ఆ దినమున ధర్మసాగరములోను ఇంటింట చనిపోయిన పెద్దల పేర బియ్యమిచ్చిరి. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిదవనాడు, అక్టోబరు 10న, సద్దుల బతుకమ్మకు స్త్రీలు చీకటిపడిన పిదప చెరువుదాక పాటలు పాడుచు వెళ్ళిరి. వారు తిరిగివచ్చు వఱకు మేము చిత్రమును మొదలుపెట్టలేదు. చనిపోయినవారిని చుట్టములుగ తలచి అన్నము పెట్టు ఊరిలో కూర్చుండి, వారు పగవారై తిరిగివచ్చు కథలను ప్రతిరాత్రి చూచితిమి. ఆ కథలలో పలుచోట్ల తిరిగివచ్చునది అన్యాయముగ చంపబడి, ఎవరును తలచుకొనని మనిషి. ఆ మాటను మఱువని చిత్రమే భయానకమును రసముగ నిలుపును.

కావున మే మొక ప్రమాణమును సూచించుచున్నాము. భయానకచిత్రమును చూచిన రాత్రి వేసిన అంకె త్రాసమునకు కొలత. దానిని కొట్టివేయ నక్కఱలేదు. తెల్లవాఱినతరువాత ఆ భయము ఎవరిమీద వ్రాలినదో చూచి రెండవ అంకెను వేయవలెను. అది పొరుగువారిమీద వ్రాలిన చిత్రము కొంతయైన ఓడినట్లే. ఈ ప్రమాణమును బట్టి ‘మా ఊరి పొలిమేర’కు రెండవసారి 5 వేసితిమి. తగ్గిన మూడు మార్కులలో చిత్రమునకు చెందినవెన్నియో, మాకు చెందినవెన్నియో విడదీయుట మాకు సాధ్యము కాలేదు.

పదునేడవ రాత్రి తరువాత అవ్వ చల్ల తేలేదు. దీపావళి మఱునాడు, ఊరు విడుచు ముందు, మేమే చెంబు తీసికొని ఆమె గడపకు వెళ్ళితిమి. ఆమె ఏమియు అడుగక చల్ల పోసినది.