గుర్రం కాలిలో కోటి కణాల మరమ్మతు

గుర్రం ముంగాలికి మోకాలి దిగువన కండ దాదాపు ఉండదు. పరుగు తీయించే కండలన్నీ పైన ఉంటాయి. వాటి లాగుడును గిట్ట దాకా చేర్చేవి టెండన్లు. వాటిలో కాలి వెనక, చర్మం కిందనే చేతికి తగిలే దాన్ని పశువైద్యులు ఎస్‌డీఎఫ్‌టీ అంటారు. పందెపు గుర్రాల్లో ఎక్కువగా దెబ్బతినేది అదే. గిట్ట నేలను తాకి బరువు పడగానే అది సాగుతుంది, కాలు లేచేటప్పుడు ఆ శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ మేరకు కండకు శ్రమ తగ్గుతుంది.

దాని అల్లిక కొబ్బరి పీచుతో పేనిన మోకులాంటిది. సన్నని కొలాజెన్ పోగులు కలిసి కట్టలవుతాయి, కట్టలు కలిసి ఇంకా పెద్ద కట్టలవుతాయి. పోగులు మాత్రం తిన్నగా ఉండవు, చిన్న చిన్న అలలుగా ముడుచుకుని ఉంటాయి. బరువు పడితే ముందు అలలు విప్పుకుంటాయి, ఆ తర్వాతే పోగు మీద అసలు లాగుడు మొదలవుతుంది. వయసు పైబడేకొద్దీ, పరుగు పెరిగేకొద్దీ టెండన్ నడిమి పోగుల్లో ఈ అలలు చదునవుతాయి. అందుకే ముందు తెగేవి నడిమి పోగులు.

జోరు పరుగులో ఈ టెండన్ దాదాపు 16 శాతం సాగుతుందని కొలిచారు. తెగే హద్దు అక్కడికి ఎంతో దూరం లేదు. సాగి ముడుచుకున్న ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి, లోపల 45 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. ఇంత తక్కువ వెసులుబాటుతో వంతెన గీసుకొస్తే ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు!

తెగిన చోటు అల్ట్రాసౌండ్‌లో నల్లని మచ్చగా కనిపిస్తుంది. శరీరం దాన్ని పూడ్చుకుంటుంది, కానీ పూడ్చేది వేరే సరుకుతో. అలా ఏర్పడిన కణజాలంలో పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. అది గట్టిదే, కానీ సరిగా సాగదు. అది సాగనంత మేరా పక్క భాగం సాగాలి కాబట్టి మళ్లీ తెగడం మామూలే.

లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలో రోజర్ స్మిత్, ఆయన సహచరులు పట్టుకున్నది ఈ చిక్కునే. గుర్రం సొంత ఎముక మూలుగ నుంచి తీసిన మూలకణాలను తెగిన చోట నింపే పద్ధతిని 2003లో ప్రచురించారు.

మత్తుమందిచ్చి నిలబెట్టిన గుర్రం రొమ్ము ఎముక నుంచి సూదితో మూలుగ తీస్తారు. ఆ ఎముక ముక్కలు ముక్కలుగా ఉంటుంది, దానికి కాస్త పైనే గుండె. అందుకే ముందు అల్ట్రాసౌండ్‌తో ముక్కల మధ్య సందులు గుర్తించి, సూది ఎక్కడ, ఎంత లోతుకు దిగాలో తేల్చుకుంటారు. తీసిన మూలుగలో పనికొచ్చే కణాలు బహు కొద్ది. వాటిని ఏరే ఉపాయం ఎంత తేలికైనదో చూడండి: ఆ కణాలకు ప్లాస్టిక్ పాత్ర అడుగున అతుక్కునే గుణముంది. పాత్రను కడిగితే తక్కినవి కొట్టుకుపోతాయి, కావలసినవి మిగులుతాయి. మిగిలినవి రెండు మూడు వారాల్లో కోటి దాకా పెరుగుతాయి.

నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చింది ఆ వారాల నిరీక్షణ వృథా పోకపోవడం. దెబ్బ తగిలిన కొత్తలో వాపు ఉంటుంది. అది తగ్గాక కొత్త రక్తనాళాలతో లేత కణజాలం వస్తుంది. కణాలు బతకడానికి తగిన చోటు అదే. ఇంకా ఆలస్యమైతే ఆ లేత కణజాలం ముదురుతుంది. కణాలు సిద్ధమయ్యే గడువూ, గాయం సిద్ధమయ్యే గడువూ ఒకదానికొకటి దాదాపు సరిపోతాయి.

కణాలను అదే గుర్రం మూలుగ నుంచి వేరుచేసిన 2 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపి, అల్ట్రాసౌండ్ తెర చూస్తూ నల్లని మచ్చలోకి ఎక్కిస్తారు. చుట్టూ తెగని పోగులున్నాయి గనుక గాయమే గిన్నెలా పనిచేసి ద్రవాన్ని పట్టి ఉంచుతుంది. అంచున చీలిన టెండన్‌కు ఈ వసతి లేదు. రక్తం నుంచి ప్లేట్‌లెట్లను వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ పద్ధతి కూడా ఉంది. అందులో కణాలు పెంచే శ్రమ ఉండదు, రోజులోనే పూర్తవుతుంది, కానీ ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు.

సూది తీసేస్తే పని అయిపోదు. మొదట విశ్రాంతి, తర్వాత పగ్గం పట్టుకుని నడిపించడం, నెలలు గడిచాక క్రమంగా చిన్న పరుగు. పూర్తి పరుగుకు దాదాపు ఏడాది. కొత్త పోగులు ఏ దిశలో పేరుకోవాలో వాటికి తెలిసేది ఈ కొలత ప్రకారం పడే బరువు వల్లే. గుర్రాన్ని రోజూ నడిపించే మనిషికి ప్రయోగశాల నిపుణుడితో సమానమైన వాటా ఇవ్వాలంటాను.

2012లో ప్రచురించిన లెక్కలో, ఈ చికిత్స తర్వాత రెండేళ్లకు పైగా గమనించిన 113 పందెపు గుర్రాల్లో మళ్లీ దెబ్బతిన్నవి సుమారు 27 శాతం. వేరే చికిత్సల పాత లెక్కలకంటే ఇది తక్కువే. అయితే పక్కన పోల్చిచూసే గుంపు లేదు గనుక దీన్నే తుది తీర్పుగా తీసుకోలేం. 2013లో 12 గుర్రాల మీద పోలిక పెట్టి చూశారు. ఆరింటికి కణాలు, ఆరింటికి సెలైన్. కణాలు అందిన టెండన్లు తక్కువ బిరుసుగా, పోగుల అమరికలో సహజమైన దానికి దగ్గరగా ఉన్నాయి.

విచిత్రమేమిటంటే, గుర్తు వేసి ఎక్కించిన కణాల్లో చాలా భాగం మర్నాటికే అక్కడ కనిపించదు. కాబట్టి అవి తామే కొత్త పోగులు నేస్తాయనుకోవడం కష్టం. అక్కడున్న కణాలకు రసాయన సంకేతాలు అందించి, వాపును అదుపు చేసి, వాటిచేత పని చేయిస్తాయని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అనుకుంటున్నారు. అందుకే కొన్ని ప్రయోగశాలల్లో చూపు కణాల మీది నుంచి అవి విడుదల చేసే ద్రవం మీదికి మళ్లింది.