పులికాట్ దారిలో ఉత్తరం వైపు

ఫొటోల కోసం కారులో బయలుదేరేవాళ్లు ముందుగా చేసే పని ఫోన్‌లో మ్యాప్ తెరిచి చుక్కలు పెట్టడం. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బండెక్కితే గండికోట, హార్స్‌లీ హిల్స్, నేలపట్టు, పులికాట్ చుట్టేసి సోమవారం తెల్లారేసరికి ఇల్లు చేరొచ్చని లెక్క తేలుతుంది. కిలోమీటర్ల వరకు ఆ లెక్క సరిపోవచ్చు. దాంట్లో ఎండ ఊసే లేదు. మిట్టమధ్యాహ్నం గండికోట చేరితే పెన్నా లోయలో ఎర్రరాయి పాలిపోయి కనిపిస్తుంది. రాతి పగుళ్లను చూపించే నీడలు అప్పటికే పోయుంటాయి. రెండు రోజుల సెలవంటే కెమెరాకు దక్కేది రెండు ఉదయాలు, రెండు సాయంత్రాలు. అందుకే ప్రయాణాన్ని ఊళ్లతో కాకుండా ఈ నాలుగు పూటలతో రాసుకోవాలంటాను.

పులికాట్‌నే తీసుకుందాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ ఇంచుమించు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. శీతాకాలంలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి, దక్షిణపు ఆకాశం మీదుగా నైరుతికి వాలిపోతాడు. అంటే రోడ్డుకు ఉత్తరం వైపు నీళ్లలో మేసే ఫ్లెమింగోల మీద పొద్దంతా మన వీపు వైపు నుంచే వెలుగు పడుతుంది, రెక్కల గులాబీ రంగు తేటగా వస్తుంది. దక్షిణం వైపు చూస్తే అవే పక్షులు నల్లటి ఆకారాలు. అదీ అందమే, కోరి తీసుకుంటే. జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేది దాదాపు 6.30కి. పది దాటాక నీటి మీద గాలి వేడెక్కి అల్లాడుతుంటే 600 ఎంఎం లెన్సు పెట్టినా దూరపు పక్షి కన్ను పదునుగా రాదు. ఇక గూడబాతులు నేలపట్టులో నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుని, చేపల కోసం పులికాట్‌కు వచ్చిపోతుంటాయి. రెండు చోట్లనూ కలిపి ఒక ప్రయాణంగా పక్షులే వేసిపెట్టాక, మధ్యలో హార్స్‌లీ హిల్స్ ఎందుకు?

సెలవులు దొరకనివాళ్లు ఒక్క ట్రిప్పులోనే అన్నీ చూడాలనుకోవడం తప్పా అంటారు. చూడటానికి తప్పేమీ లేదు, కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే సరి. ఫొటోకు మాత్రం సెలవు తక్కువైనకొద్దీ చోట్లూ తగ్గాలి. పక్షులు మన టైంటేబుల్ వింటాయా అన్నది ఇంకో ప్రశ్న. వినవు. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే సరస్సులో చాలాభాగం బీటలు వారుతుంది. వాన ఎక్కువై నీరు లోతెక్కితే, తల కిందకు వంచి బురద నీరు జల్లెడ పట్టే ఫ్లెమింగోలు లోతు తక్కువున్న చోటికి తరలిపోతాయి. కాబట్టి హోటల్ గదికన్నా ముందు నవంబరు, డిసెంబరు వానల సంగతి కనుక్కోవాలి. గట్టి అభ్యంతరం మూడోది: ఇంత లెక్క వేస్తే దారిలో అనుకోకుండా ఎదురయ్యే దృశ్యం ఏమైపోవాలి? నిజానికి నాలుగు ఊళ్ల ప్లానే దాన్ని ముందు చంపుతుంది. పొలం గట్టున పాలపిట్ట కనిపించినా, తర్వాతి ఊరికి ఆలస్యమవుతోందని బండి ఆపరు. నల్లమలలోనైతే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు గనుక, అక్కడ అడవి గడియారాన్ని పాటించక తప్పదు. పులికాట్ దగ్గర అలాంటి గేటు లేదు, ఎవరి గేటు వాళ్లే వేసుకోవాలి. పదిన్నరకు కెమెరా సర్దేసి, సూళ్లూరుపేటలో టిఫిన్ చేసి, బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టి మూడున్నర దాకా పడుకోవచ్చు.