వంకర గీత ఎవరిది? - కాప్లాన్ సిద్ధాంతంపై ఒక విమర్శ

ఇంగ్లీషులో వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు తరచు ఒక మాట అంటారు: "మేం తెలుగులో ఆలోచిస్తాం, అందుకే మాకు ఇంగ్లీషు వ్యాసం కుదరదు." ఇటువంటి అభిప్రాయానికి పండితలోకంలో బలం చేకూర్చినది రాబర్ట్ కాప్లాన్ 1966లో 'లాంగ్వేజ్ లెర్నింగ్' పత్రికలో ప్రచురించిన వ్యాసం. అది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

అమెరికాలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల ఇంగ్లీషు రచనలను దాదాపు ఆరు వందల వరకు కాప్లాన్ పరిశీలించాడు. ఒక్కో భాషా సమూహానికి ఒక్కో ఆలోచనా క్రమం ఉంటుందని చెప్పి, వాటిని బొమ్మలుగా గీశాడు. ఇంగ్లీషుకు తిన్నని గీత గీశాడు. 'ప్రాచ్య' భాషలకు మధ్యలోకి చుట్టుకుంటూ పోయే గీత గీశాడు. విద్యార్థి తన భాషలోని క్రమాన్నే ఇంగ్లీషులోకి తెస్తాడని ఆయన వాదన.

ఈ వ్యాసానికి ఒక మేలు ఉంది. అప్పటి బోధన ఎక్కువగా వాక్యం దగ్గరే ఆగిపోయేది. వాక్యాలన్నీ తప్పు లేకుండా ఉన్నా పేరా కుదరకపోవచ్చునని కాప్లాన్ గుర్తించాడు. వాక్యం నుంచి పేరా వైపు ఉపాధ్యాయుల దృష్టి మళ్ళించాడు.

లోపాలు కూడా తక్కువేమీ కావు. మొదటిది, 'ప్రాచ్య' అన్న పేరు చాలా పెద్దది. తన దృష్టిలో ఉన్నవి ముఖ్యంగా చైనా, కొరియా భాషలేనని ఆయనే చెప్పాడు. తెలుగుకు ఆ బొమ్మను అంటగట్టడానికి ఆధారం లేదు. రెండోది, ఆయన చూసినవి ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారి రచనలు. ఒక భాషలో ఆలోచన ఎలా సాగుతుందో తెలియాలంటే ఆ భాషలో రాసిన మంచి రచనలు చూడాలి. మూడోది, కొత్తగా రాసేవారి తడబాటు భాష వల్ల వచ్చిందా, శిక్షణ లేక వచ్చిందా అని ఆయన విడదీయలేదు. బెర్నార్డ్ మోహన్, ఆయన సహరచయిత్రి 1985లో ఈ ప్రశ్ననే లేవనెత్తారు. హాంకాంగ్ విద్యార్థుల ఇబ్బందికి వాక్యదోషాల మీదే దృష్టి పెట్టిన ఇంగ్లీషు బోధన ఒక కారణమని వాదించారు. తన వాదనను అతిగా చెప్పానని కాప్లాన్ కూడా 1987లో ఒప్పుకున్నాడు.

ఇక మన సంగతి చూడండి. చిన్నయసూరి 'బాలవ్యాకరణం'లో ముందు సూత్రం వస్తుంది, ఆ వెంట ఉదాహరణలు వస్తాయి. దినపత్రిక వార్తలో జరిగిన విషయం మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. అసలు మాట ముందు చెప్పడం తెలుగుకు కొత్త కాదు. తెలుగు ప్రభావం కనిపించేది వాక్యంలో. మన క్రియ చివర వస్తుంది. 'వెళ్ళి, చూసి, అడిగి' అంటూ పనులన్నీ ఒకే వాక్యంలో కూర్చగలం. ఇంగ్లీషులో అదే పొడవు ఉంచితే కర్త ఎవరో, ముఖ్యక్రియ ఏదో తెలియకుండా పోతుంది.

పేరాలోని వంకర వేరే చోట నుంచి వచ్చింది. "చెరువులు ఎందుకు శిథిలమయ్యాయి?" అన్న ప్రశ్నకు నేను దిద్దిన జవాబులు చాలావరకు నీరే ప్రాణాధారమని మొదలై, కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులను స్మరించి, చివరి రెండు వాక్యాల్లో కారణాలు చెప్పేవి. తెలుగులో రాసిన జవాబులూ, ఇంగ్లీషులో రాసినవీ ఇదే తీరులో ఉండేవి. ఆ తీరు గైడ్ల నుంచి వచ్చింది. పేజీ నిండితే మార్కులు వస్తాయన్న నమ్మకం దాన్ని పెంచింది. అందులో, దిద్దే మాబోటి వాళ్ళ బాధ్యత కూడా ఉంది: స్పెల్లింగు తప్పులకు ఎర్రగీత గీశాం గాని, "మీ వాదన ఏది?" అని మార్జిన్‌లో రాయలేదు.

ఈ తేడా మీకు ముఖ్యం. లోపం మాతృభాషలో ఉందనుకుంటే చేయగలిగినది ఏమీ లేదు. అలవాటులో ఉందని తెలిస్తే మార్చుకోవచ్చు. ప్రశ్నకు మీ జవాబును ముందుగా ఒకే ఒక తెలుగు వాక్యంలో రాసుకోండి. అలా రాయలేకపోతే, తేలవలసినది ఇంగ్లీషు కాదు, విషయం. రాయగలిగితే దాన్ని చిన్న ఇంగ్లీషు వాక్యంగా మార్చి పేరా మొదట పెట్టండి. తరువాతి ప్రతి వాక్యం దానికి కారణమో, ఉదాహరణో, మినహాయింపో అయి ఉండాలి. ఏదీ కానిదాన్ని, ఎంత అందంగా ఉన్నా, కొట్టివేయండి.

అభ్యాసం: మీరు ఇటీవల రాసిన ఒక జవాబు తీసుకుని, అందులో ప్రశ్నకు సమాధానం ఎన్నో వాక్యంలో వచ్చిందో లెక్కించండి. ఆ వాక్యాన్ని మొదటికి తెచ్చి, పేరాను తిరిగి రాయండి.