నీరు పోతుంది, ఉప్పు ఉంటుంది

వేసవిలో కాలువలు కట్టేశాక కోనసీమ తీరం ఊళ్లలో ఎవర్ని కదిపినా ఉప్పు పైకొచ్చిందనే అంటారు. అలాంటి చోట డబ్బులిచ్చి ఉప్పు కొని, మంచినీళ్లలో కలిపి, ఇంట్లో సముద్రం పెట్టుకున్నవాణ్ని ఏమనాలో పలివెలలో ఇంకా తేల్చలేదు. ఉమా కొప్పేశ్వరస్వామి దర్శనానికొచ్చిన చుట్టాలు మా వసారాలో గాజు తొట్టె చూసి, “అంతర్వేది నుంచి టిన్నులతో తెచ్చుకోవచ్చు కదండీ” అంటారు. వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీరు కలిసి అక్కడి సముద్రమే పలచబడుతుంది. నా చేపలకేమో ఏడాది పొడుగునా ఒకే ఉప్పు ఉండాలి. కిలో నీటిలో 35 గ్రాములు, అంటే 35 పీపీటీ.

దాన్ని అక్కడ నిలబెట్టడమే ఈ వ్యాపకంలో సగం పని. రోహిణి కార్తెలో పడమటి గాలి తిరిగితే తొట్టె మీదికి ఫ్యాను పెడతాం. నీళ్లు చల్లబడతాయి, అంతకంత ఆవిరీ పోతుంది. వంద లీటర్లలో ఐదు ఆవిరైతే ఉప్పు దాదాపు 36.8కి, పది పోతే 39 దరిదాపుల్లోకి ఎక్కుతుంది, చిటికెడు ఉప్పు వేయకుండానే! కొత్తగా తొట్టె పెట్టినవాళ్లు మట్టం తగ్గింది కదాని మళ్లీ ఉప్పునీళ్లే పోస్తారు. నీరు గీతకు వస్తుంది, ఉప్పు మాత్రం దిగదు. మర్నాటి ఎండ దాని మీద ఇంకాస్త ఎక్కిస్తుంది. పోయింది ఉత్త నీరు గనక పోయాల్సిందీ ఉత్త నీరే.

ఏ నీరు అన్నది మరో పేచీ. బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఉంటాయి, కాలువ నీళ్లతో చేలలోని ఎరువూ వస్తుంది. అవేవీ ఆవిరి కావు, తొట్టెలోనే పేరుకుంటాయి. ప్లాంటు నీళ్లు కొంత నయం. అయితే తాగడానికి రుచిగా ఉండాలని అందులోనూ కొన్ని లవణాలు ఉంచుతారు. టీడీఎస్ మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తేనే నేను పోస్తాను.

అదీ కొంచెం కొంచెంగా. ఉప్పు ఎక్కిపోయిందని కంగారుపడి బకెట్టు కుమ్మరిస్తే చేప తట్టుకున్నా నత్తలాంటివి తట్టుకోలేవు. వాటి ఒంట్లో ద్రవం చుట్టూ ఉన్న నీటితోపాటే మారిపోతుంది. రోజుకు ఒకటి, మహా అయితే రెండు పీపీటీ దించాలి.

ఈ నిదానం నాకు రొయ్యల రైతుల దగ్గర అబ్బింది. అల్లవరం వైపు చెరువులు చేసే మా బావ, సంచుల్లో వచ్చిన పిల్లను ఒక్కసారిగా వదలడు. సంచిలోకి చెరువు నీళ్లు కాసిన్ని కాసిన్ని ఎక్కించి అలవాటు చేస్తాడు. ఇద్దరిదీ ఒకటే పరికరం, రిఫ్రాక్టోమీటర్. పలక మీద నీటిచుక్క వేసి వెలుగుకేసి చూస్తే గీత కనిపిస్తుంది. 35 పీపీటీ ద్రావణంతో అప్పుడప్పుడూ సరిచూసుకోకపోతే అది చెప్పేది నమ్మలేం. ఆయన పెంచే వనామి, 2009లో మన దేశంలో సాగుకు అనుమతి దొరికిన రకం, మహా మొండిది. దాదాపు చప్పనీటిలోనూ, సముద్రాన్ని మించిన ఉప్పులోనూ బతికేస్తుంది. “నీవన్నీ మరీ సుకుమారాలోయ్” అని నవ్వుతాడు.

పగడాలైతే ఇంకా సుకుమారం. అవి నా తొట్టెలో లేవు. రాతి పగడాలన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, పులి ఉన్న జాబితాలోనే చేరాయి. మన సముద్రంలోంచి తీసి అమ్మడం నేరం. “ఏం కాదండీ, అందరూ పెడుతున్నారు” అనే దుకాణదారు మాట నాకు రుచించదు. కాల్చిన మట్టి రాళ్లు, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు ఉన్నాయి, చాలు.

ఊరెళ్లేటప్పుడు మట్టం చూసుకోవడానికి ఫ్లోట్ వాల్వు బిగించాను. దానికి తగిలించిన టిన్నులో పట్టేది ఐదు లీటర్లే. పెద్ద డ్రమ్ము పెట్టొచ్చు కదా అని ఇంట్లో గొడవ. వాల్వు ఇరుక్కుని నీళ్లన్నీ వచ్చిపడినా, ఐదు లీటర్లయితే ఉప్పు 33 దగ్గర ఆగుతుంది.